బట్టీ పిల్లలు, బడి గొడుగు

పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి, బర్‌గఢ్ జిల్లాల నుంచి తెలుగు నేల మీది ఇటుక బట్టీలకు ఏటా సాగే వలసకు ఒక కాలం, ఒక లెక్క ఉన్నాయి. కొత్త పంట పండుగ నువాఖాయి సమయంలో సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, ఊళ్లలో అడ్వాన్సులు పంచుతారు. దసరా దాటాక కుటుంబాలు రైలెక్కుతాయి, తొలకరికి ముందు ఇళ్లకు మళ్లుతాయి. అడ్వాన్సు ఒక్క మనిషికి ఇచ్చేది కాదు, ‘పథురియా’కు ఇచ్చేది. భార్య, భర్త, ఒకరిద్దరు పిల్లలు కలిస్తే ఒక పథురియా. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. ఆరీఆరని పచ్చి ఇటుకల మీద పెద్దవాళ్లు అడుగు వేస్తే అవి చితికిపోతాయి కనుక, తేలికగా ఉండే పిల్లలే వాటి మీద తిరుగుతూ ఒక్కొక్కటీ తిరగేస్తారు. బడి మానడం ఇక్కడ పొరపాటున జరిగేది కాదు. అడ్వాన్సు ఇచ్చిన రోజే అది లెక్కలో పడిపోయింది.

ఊరు దాటిన కుటుంబానికి రేషన్ కార్డు, అంగన్‌వాడీ, ఆసరా పథకాలు చాలాకాలం వరకు ఊళ్లోనే ఉండిపోయేవి. బట్టీ దగ్గర ఆ పిల్లల పేర్లు రాసుకున్న ప్రభుత్వ కార్యాలయం ఉండేది కాదు. పెద్దగా కాగితాలు అడగకుండా వాళ్లను చేర్చుకోగలిగిన సంస్థ ఏదైనా ఉందంటే అది ప్రభుత్వ బడే. అయితే ఆ సంగతి బడికీ చట్టానికీ తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అడ్వాన్సు తీసుకుని వలస వెళ్లే ఒడిశా ‘దాదన్’ కూలీల కష్టాలు నేపథ్యంగా 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కార్మికుడికి పాసుబుక్కు, ప్రయాణ భత్యం, వసతి, వైద్యం, అన్నీ అందులో ఉండేవి. బడి మాట మాత్రం లేదు. చట్టం దృష్టిలో వలస వెళ్లేది కార్మికుడు. అతని వెంట కుటుంబం, ఆ కుటుంబంలో చదువుకునే వయసు పిల్లలు ఉంటారన్న ఊహ దానికి లేదు. 1986 జాతీయ విద్యా విధానం పనిచేసే పిల్లల కోసం అనియత విద్యా కేంద్రాలను విస్తరించింది. పగలు పని, సాయంత్రం చదువు అన్న ఈ ఏర్పాటు పిల్లల శ్రమను ఆపలేదు, దానితో రాజీపడింది.

ఆ రాజీని తోసిపుచ్చిన ప్రయత్నం రంగారెడ్డి జిల్లాలో మొదలైంది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఒక్కటే మాట మీద నిలబడింది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే, పగటి బడే వాళ్ల చోటు. పని మానిపించిన పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించే ‘బ్రిడ్జి’ పద్ధతి అక్కడ రాటుదేలింది.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. రేషన్ అందని కుటుంబానికి రోజుకు ఒక్క పూటైనా బిడ్డ కడుపు నిండే చోటుగా బడి మారింది. హాజరు పట్టీలో పేరు లేకపోతే మాత్రం పళ్లెం లేదు.

అదే దశాబ్దంలో సర్వశిక్షా అభియాన్ నిధులతో, స్వచ్ఛంద సంస్థల చొరవతో రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి, బడినే పని దగ్గరికి తీసుకెళ్లడం. మహారాష్ట్ర చక్కెర మిల్లుల దగ్గర చెరకు కొట్టేవారి పిల్లల కోసం జనార్థ్ సంస్థ నడిపిన ‘సాఖర్ శాల’లు ఈ కోవలోవి. రెండోది, తల్లిదండ్రులు వెళ్లినా బిడ్డను ఊళ్లోనే నిలపడం. నువాపడాలో లోకదృష్టి సంస్థ ఇలాంటి వసతి కేంద్రాలు నడిపింది. తెలుగు జిల్లాల్లో ఇవే సీజనల్ హాస్టళ్లు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ వెంట దూర ప్రాంతాల పనులకు వెళ్లేవారికీ, కోసిగి, పెద్దకడబూరు వంటి కర్నూలు పడమటి మండలాల నుంచి ‘సుగ్గి’కని గుంటూరు మిరప చేలకు వెళ్లేవారికీ వీటి అవసరం బాగా తెలుసు.

ఈ రెంటిలో హాస్టలే మేలనిపిస్తుంది. బిడ్డ భాష మారదు, పుస్తకం మారదు, బట్టీ దుమ్ము తగలదు. కానీ దాని విజయం రెండు విషయాల మీద ఆధారపడింది. మొదటిది తేదీ. కుటుంబాలు కదలకముందే హాస్టల్ తెరవాలి. నిధుల మంజూరు కోసం ఆగి డిసెంబరులో తెరిస్తే అప్పటికే ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. రెండోది అడ్వాన్సు. బిడ్డ ఊళ్లో ఉండిపోతే పథురియా ఇటుకల లెక్క పడిపోతుంది, అప్పు తీరడం ఆలస్యమవుతుంది. తల్లిదండ్రులు వెనుకాడటాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలికే గానీ, వాళ్ల ముందున్నది అప్పు లెక్క.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ పిల్లలను తొలిసారి పేరుపెట్టి గుర్తించింది. వలస కుటుంబాల పిల్లల ప్రవేశాన్ని 9వ సెక్షన్ స్థానిక సంస్థ బాధ్యత చేసింది. వయసు ధ్రువపత్రం లేదనీ, టి.సి. రాలేదనీ ప్రవేశం నిరాకరించకూడదు. వెనుకబడిన బిడ్డకు ప్రత్యేక శిక్షణ ఇచ్చి వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలన్న 4వ సెక్షన్‌లో బ్రిడ్జి శిబిరాల ఛాయ కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా టి.సి. కోసం వలస బిడ్డను తిప్పి పంపిన ప్రధానోపాధ్యాయుడు ఉన్నాడంటే, అతను చట్టాన్ని అతిక్రమించినట్టే.

చట్టం తేల్చలేనిది భాష. పెద్దపల్లి, రంగారెడ్డి ప్రాంతాల బట్టీలకు వచ్చే ఒడియా బిడ్డకు తెలుగు తరగతి గది అర్థంకాని గోల. అందుకే బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో పనిస్థలం బడులు వచ్చాయి. పాఠ్యపుస్తకాలు ఒడిశా నుంచి తెచ్చి, ఒడియా వచ్చినవారినే వాలంటీర్లుగా పెట్టారు. సమీప ప్రభుత్వ బడికి అనుబంధంగా నమోదైతే ఇక్కడి పిల్లలకూ మధ్యాహ్న భోజనం దక్కుతుంది. లోపం ఒకటుంది: ఈ బడి యజమాని స్థలంలో, అతని సమ్మతితో నడుస్తుంది. పిల్లలతో ఎవరు ఎంతసేపు పని చేయిస్తున్నారో గట్టిగా అడిగే స్వేచ్ఛ అక్కడి వాలంటీరుకు తక్కువ. బట్టీ గేటు దాటి ఊరి బడికి వచ్చే బిడ్డను కనీసం బయటి టీచరొకరు రోజూ చూస్తారు. ఒంటి మీద గాయముంటే, వారం రోజులు కనిపించకపోతే కారణం అడుగుతారు. భాష సమస్య తీరితే ఊరి బడికే ఎక్కువ మార్కులు వేయాలి. అది తీరుతుందని కేరళ చూపింది. ఎర్నాకుళం జిల్లాలో 2017లో మొదలైన ‘రోష్ని’ పథకంలో, వలస పిల్లల భాషలు తెలిసిన వాలంటీర్లు బడి వేళకు ముందే ప్రత్యేక తరగతులు నడిపారు. ఆ పిల్లలకు ఉదయం ఫలహారమూ పెట్టారు.

ఇక రేషన్ సంగతి. ఊరు విడిచినా అది అందే ఏర్పాటు 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ప్రయోగంగా మొదలైంది. 2020 లాక్‌డౌన్ దారుణాలు చూశాక, 2021 జూన్ 29న సుప్రీంకోర్టు దీన్ని అన్ని రాష్ట్రాలూ జూలై 31 లోగా అమలు చేయాలని ఆదేశించింది. బడుల విషయంలో అంతకుముందే, 2020 జూలైలో, కేంద్ర విద్యాశాఖ వలస పిల్లల పేర్లు హాజరు పట్టీ నుంచి కొట్టేయవద్దనీ, తాత్కాలికంగా అందుబాటులో లేనివారిగా చూపాలనీ, వచ్చినవారిని గుర్తింపు రుజువు మినహా మరే పత్రమూ అడగకుండా చేర్చుకోవాలనీ మార్గదర్శకాలు ఇచ్చింది. కోవిడ్ కోసం రాసినదే అయినా, వలస ప్రాంతాల బడులకు ఏటా కావలసిన నిబంధన ఇది.

ఈ ప్రయాణమంతటా ఒక ఖాళీ అలాగే మిగిలింది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. అంగన్‌వాడీకి దూరంగా బట్టీ పక్కన పెరిగే ఆరేళ్ల లోపు పిల్లలకూ, పద్నాలుగు దాటి పూర్తి కూలీలుగా లెక్కకెక్కే పిల్లలకూ అందులో చోటు లేదు.