దేశం కాదు, కుంఫిణీ

2009 జనవరిలో ఫేస్‌బుక్ సభ్యులు 15 కోట్లకు చేరినప్పుడు మార్క్ జుకర్‌బర్గ్ ఒక లెక్క చెప్పారు. ఫేస్‌బుక్కే గనక దేశమైతే జపాన్, రష్యా, నైజీరియాలను దాటి ప్రపంచ జనాభా పట్టికలో ఎనిమిదో స్థానంలో ఉంటుందని. అప్పటినుంచి ఈ పోలిక పత్రికలకు పడికట్టు మాటైపోయింది. సభ్యులు పెరిగినకొద్దీ ఆ ఊహాదేశం మెట్లెక్కుతూ చైనానూ భారత్‌నూ కూడా దాటేసింది. 2017లో డెన్మార్క్ టెక్నాలజీ కంపెనీలతో మాట్లాడటానికి ఏకంగా ఒక రాయబారినే నియమించింది. పోలికలో కొంత పస ఉంది. ఏది మాట్లాడవచ్చో నియమం రాసేది, తప్పెవరిదో తీర్పు చెప్పేది, కట్టుబాటు తప్పినవారిని వెలివేసేది ఈ సంస్థలే. అయితే ఏలుబడి ఉన్నచోటల్లా దేశం ఉందనుకోవడం పొరపాటు. ఈ సంగతి తెలుగు నేలకు బాగా తెలిసి ఉండాలి. దాదాపు వందేళ్లు మన కోస్తా జిల్లాలను ఏలింది దేశం కాదు, లండన్‌లో వాటాదారులున్న ఒక వ్యాపార సంస్థ, మనవాళ్లు కుంఫిణీ అని పిలిచిన ఈస్టిండియా కంపెనీ.

ఏలికకూ జనానికీ మధ్య సంబంధం ఏమిటో తేల్చే ఘట్టం ఒకటి ఫేస్‌బుక్ చరిత్రలోనే ఉంది. 2009 ఫిబ్రవరిలో కంపెనీ తన నిబంధనలను మార్చింది. సభ్యులు ఖాతా మూసేసినా వారు పెట్టిన రాతలు, ఫొటోలపై కంపెనీకి హక్కు మిగిలిపోతుందని గగ్గోలు పుట్టింది. కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గి, ఇకపై పెద్ద మార్పులను సభ్యుల ఓటుకు పెడతామని ప్రకటించింది. ఒక మెలిక మాత్రం ఉంది. క్రియాశీల సభ్యుల్లో 30 శాతం మంది ఓటేస్తేనే ఫలితానికి కట్టుబడతారు, లేకపోతే అది సలహా మాత్రమే. ఆ ఏడాది ఏప్రిల్‌లో జరిగిన ఓటింగ్‌లో 20 కోట్ల సభ్యులకుగాను ఓటేసింది ఆరున్నర లక్షల మంది. 2012 డిసెంబరులో మరో ఓటింగ్ జరిగింది. అసలీ ఓటింగ్ పద్ధతినే ఎత్తేయాలన్న ప్రతిపాదనా అందులో ఉంది. సుమారు 6 లక్షల 69 వేల మంది ఓటేస్తే 88 శాతం వద్దన్నారు. కానీ అప్పటికి సభ్యులు 100 కోట్లు, కావలసిన ఓట్లు 30 కోట్లు. ఓటేసినవారు వద్దన్న మార్పే అమలైంది, ఓటు హక్కు రద్దయింది. వీధుల్లోకి ఎవరూ రాలేదు. పోలింగ్ శాతం తక్కువైన దేశాలు బోలెడున్నాయి కదా అనవచ్చు. నిజమే, కానీ అక్కడ పోలింగ్ పడిపోయిందని రాజ్యాంగంలోంచి ఎన్నికలనే కొట్టేయరు. ఫేస్‌బుక్‌లో అసలు ఓటు వేరేచోట ఉంది. జుకర్‌బర్గ్ చేతిలోని ప్రత్యేక తరగతి వాటాలకు ఒక్కోదానికి పది ఓట్లు. కంపెనీ నిర్ణయాలపై ఆయనకున్న ఆధిపత్యం వాటివల్లే.

ఇది కుంఫిణీ పద్ధతికి దగ్గర. 1611లో గ్లోబ్ అనే ఓడలో బందరుకు వచ్చిన ఆంగ్ల వర్తకులు గోల్కొండ ఏలుబడిలో అనుమతి అడుక్కుని వ్యాపారం చేసుకునే మనుషులు. కావలసింది ఇక్కడి నేత బట్టలు, కలంకారీ. 1760లలో ఉత్తర సర్కారులు అదే సంస్థ చేతికి వచ్చాయి, 1788లో గుంటూరూ చేరింది. శిస్తు వసూలు, కోర్టు, సైన్యం అన్నీ దానివే. కానీ దాని సభలో ఓటు కృష్ణా, గోదావరి రైతుకు లేదు. లండన్‌లో 500 పౌన్ల వాటా ఉన్నవాడికి ఉంది, 1773 చట్టంతో ఆ పరిమితి వెయ్యి పౌన్లకు పెరిగింది. నందన నామ సంవత్సరపు కరువులో, అంటే 1832-33లో, గుంటూరు సీమ శవాలదిబ్బ అవుతున్నప్పుడు కూడా కుంఫిణీ ముందు రైతు పెట్టుకోగలిగింది అర్జీ మాత్రమే. ఇవాళ ఖాతా పోయినవాడు నొక్కే అప్పీలు బటను ఆ అర్జీకి వారసురాలు. 2020లో పని మొదలుపెట్టిన ఫేస్‌బుక్ పర్యవేక్షక మండలిని కొందరు సుప్రీంకోర్టు అంటారు. కానీ దాని ట్రస్టుకు డబ్బు పెట్టింది కంపెనీయే.

దేశమన్నదే ఊహ కదా, ఒకరి ముఖం ఒకరెరుగని జనం పత్రికలు చదివి ఒక్కటయ్యారని 1983లోనే బెనెడిక్ట్ ఆండర్సన్ వాదించలేదా అని అడిగేవారున్నారు. గట్టి అభ్యంతరమే. బొంబాయిలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక తెలుగువాళ్లలో ‘మనం’ అన్న భావన పెంచలేదని ఎవరనగలరు? అయితే అలా కూడిన జనం 1913లో బాపట్లలో సభ జరుపుకున్నది ఆంధ్రులుగానే గాని ఆంధ్రపత్రిక పౌరులుగా కాదు. 2011లో కైరో తహ్రీర్ చౌకులో ఫేస్‌బుక్ పిలుపులు అందుకుని వచ్చినవారి చేతుల్లో ఉన్నదీ ఈజిప్టు జెండాయే. ఇంకో సాక్ష్యం ఆర్కుట్. 2004లో మొదలై బ్రెజిల్‌లో, ఇక్కడా కుర్రకారుని ఊపేసిన ఆ నెట్‌వర్కును గూగుల్ ముందుగా నోటీసిచ్చి 2014 సెప్టెంబరు 30న మూసేసింది. తిరిగి రావాలని పోరాడిన ప్రవాస ప్రభుత్వమేదీ వెలవలేదు. జనం అప్పటికే మకాం మార్చేశారు.

కుంఫిణీకి తుపాకులున్నాయి, ఈ నెట్‌వర్కులకు లేవు కదా అన్నది ఇంకా బలమైన ఆక్షేపణ. ఒప్పుకోవాల్సిందే. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం ఒక్క ఆదేశంతో టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధిస్తే, కోట్లమంది ఉన్న ఆ ‘దేశం’ రోజుల్లోనే మాయమైంది. కాబట్టి నేటి నెట్‌వర్కులు సైన్యం కూర్చుకున్న తరువాతి కుంఫిణీ కాదు, రాజుల దయమీద బతికిన బందరునాటి కుంఫిణీ. కానీ హాని చేయడానికి సైన్యమే అక్కర్లేదు. మయన్మార్‌లో తన వేదిక హింసను రెచ్చగొట్టడానికి వాడుకోకుండా చేయాల్సినంత చేయలేదని 2018లో ఫేస్‌బుక్ స్వయంగా ఒప్పుకుంది. 2015 ఆరంభంలో అక్కడి పోస్టులను పరిశీలించేవారిలో బర్మీ భాష వచ్చినవారు ఇద్దరేనని రాయిటర్స్ వార్తా సంస్థ బయటపెట్టింది. శిస్తు కోసమే అయినా కుంఫిణీ ఈ విషయంలో నయమనిపించుకుంది. 1812లో మద్రాసులో కాలేజీ పెట్టి తన ఉద్యోగులకు దేశభాషలు నేర్పింది. సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చింది అక్కడే.

దేశమన్న పోలిక కంపెనీలకే లాభం. దేశమైతే సార్వభౌమత్వం ఉంటుంది, దానితో రాయబారం నడపాలి. కుంఫిణీ అంటే మాత్రం దానికి చార్టరు ఇచ్చినవారెవరు, లెక్క అడిగేదెవరు అన్న ప్రశ్న వస్తుంది. 1793 నుంచి కుంఫిణీ చార్టరుకు 20 ఏళ్ల గడువు ఉండేది. పునరుద్ధరణకు ముందు పార్లమెంటు విచారణ జరిపేది. ఉత్తర సర్కారుల పాలనను విప్పి చూపిన 1812 నాటి ఐదవ నివేదిక అలా పుట్టిందే. 1813లో భారత వ్యాపారంపై గుత్తాధిపత్యం, 1833లో వ్యాపారం, 1858లో పాలన, 1874లో ఉనికి, ఒక్కొక్కటీ దాని చేజారాయి. అప్పుడు లెక్క అడిగిన పార్లమెంటు మనది కాదు. ఇప్పుడున్నది మనదే. మన 2021 ఐటీ నిబంధనలు 50 లక్షల సభ్యులు దాటిన వేదికలు ఇక్కడే ఫిర్యాదుల అధికారిని పెట్టాలన్నాయి. అర్జీ తీసుకునే మనిషి దొరికాడు, సరే. ఇక ఆ వేదికల వ్యవహారాలపై గడువు పెట్టి బహిరంగ విచారణ జరిపించమని మన ఎంపీలను అడగాలి.