చెరువు, వంతెన, ఆ తర్వాతే నగరం

వానాకాలంలో శంషాబాద్‌లో దిగే విమానాలు ఎక్కువగా తూర్పు నుంచి వస్తాయి. విమానం సాధారణంగా ఎదురుగాలిలోకే దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ పడమటి గాలి. అందుకే ఆ నెలల్లో తుక్కుగూడ, మంఖాల్, రావిర్యాల వైపు నుంచి కిందికి వాలతాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు చార్మినార్ కనిపించదు. కనిపించేది చెరువు. ఒక కట్ట వెనక ఎర్రటి కొత్త నీళ్లు, అలుగు కింద పచ్చటి మడి, కాస్త దిగువన ఇంకో కట్ట. హైదరాబాద్‌కు కొత్తగా వచ్చేవాళ్లు ముందు నీళ్లను చూసి, ఆ తర్వాత ఊరిని చూడటం విమానాలతో మొదలైంది కాదు. ఈ నగరం పుట్టుకే ఆ వరసలో జరిగింది.

నీటి మీద కట్టిన నగరం అనగానే అందరికీ వెనిస్ గుర్తొస్తుంది. అక్కడ సముద్రపు కయ్యలో నీళ్లు ముందే ఉన్నాయి. మనుషులు వెళ్లి కర్ర గుంజలు దిగేసి ఊరు నిలబెట్టారు. మన దక్కనులో సముద్రం లేదు, ఏడాదంతా నిండుగా పారే నది లేదు. రాతి గుట్టలు, నాలుగు నెలల వాన, మిగిలిన ఎనిమిది నెలల ఎదురుచూపు. ఇక్కడ నీళ్లను కూడా మనిషే నిలబెట్టుకోవాలి. రామప్ప, పాఖాల చెరువులు తవ్వించిన కాకతీయుల కాలానికే ఆ పనిలో తెలంగాణ చెయ్యి తిరిగింది. రెండు గుట్టల మధ్య కట్ట పోయడం, తూము పెట్టడం, పై చెరువు అలుగు దూకితే కింది చెరువు నిండేలా గొలుసు కలపడం, కట్ట మీద మైసమ్మను నిలపడం, నీళ్లు వదలడానికి నీరటికాణ్ని పెట్టుకోవడం ఇదంతా ఊరి పరిపాలనలో భాగమే. గోల్కొండ సుల్తానులు ఆ విద్యను అందిపుచ్చుకున్నారు. దుర్గం చెరువు నుంచి కోటకు మంచినీళ్లు తెప్పించుకున్నారు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ తయారైంది. 1578లో మూసీ మీద 22 కమానుల వంతెన లేచింది. ఇప్పుడు మనం పురానాపూల్ అంటున్నది దాన్నే. చార్మినార్‌తో నగరానికి పునాది పడింది 1591లో. అంటే చెరువుకు దాదాపు 29 ఏళ్ల తర్వాత, వంతెనకు 13 ఏళ్ల తర్వాత ఊరు వచ్చింది. నగరం పుట్టుక గురించి భాగమతి ప్రేమకథను చెప్పుకున్నంత ఇష్టంగా ఈ వరసను మనం చెప్పుకోం. చెప్పుకోవాలని నాకు గట్టిగా ఉంది.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావర్నియే ఈ వంతెనను చూసి, పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనతో పోల్చాడు. అతను సొంత దేశపు గొప్పను ఊరికే పంచిపెట్టే మనిషి కాదు. కొత్తవాళ్ల దగ్గర ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని నగర ద్వారం దగ్గర సోదా చేసేవారని కూడా రాశాడు, ఆ రెండూ రాజుకు మంచి ఆదాయం కాబట్టి. బాటసారి నది దాటి, సోదా ముగించుకుని, నగరం నడిబొడ్డుకు చేరితే అక్కడా నీళ్లే: చార్ కమాన్ల మధ్య, ఇప్పుడు గుల్జార్ హౌజ్ అని పిలుస్తున్న చోట నీటి తొట్టి.

అసఫ్‌జాహీ నిజాంల కాలంలోనూ చెరువులు కట్టే పని ఆగలేదు. పందొమ్మిదో శతాబ్ది మొదట్లో కట్టిన మీర్ ఆలం చెరువు కట్ట 21 అర్ధచంద్రాకారపు కమానుల వరస. ఒక్కో కమాను తన వంతు నీటి బరువును పక్క గోడల మీదికి నెట్టేస్తుంది. అందుకే అంత సన్నటి రాతి గోడ రెండు వందల ఏళ్లుగా నిలిచి ఉంది. 1874లో సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక వాడీ వైపు నుంచి వచ్చే ప్రయాణికులకు తొలి చూపు హుస్సేన్ సాగర్ అయింది.

ఇక 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఆ వరద గురించి ఎవరు చెప్పినా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరే ఆగుతారు. నూటయాభై మందిని కాపాడిన చెట్టది. కానీ ఆ నీళ్లు బయల్దేరింది మన శంషాబాద్ వైపు నుంచి. అక్కడి వానమాపకంలో ఒక్క రోజులో 12.8 అంగుళాలు నమోదైంది. తర్వాత నిజాం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఎగువ ప్రాంతాన్ని పరిశీలిస్తే, మూసీ పరీవాహకంలో 788 చెరువులు తేలాయి. వాటిలో 221 తెగిపోయాయి. పైది తెగితే ఆ దెబ్బ కిందిదానికి. గొలుసు చెరువులను నింపడానికి ఎంత పనికొస్తుందో, తెంచడానికీ అంతే. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆయన సలహాతోనే మూసీ మీద గండిపేట జలాశయం (1920), ఈసా నది మీద హిమాయత్ సాగర్ (1927) వచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు విడిచి పోలేడన్న మాట అప్పటినుంచే.

శంషాబాద్‌లో కురిసిన వాన చాలావరకు హిమాయత్ సాగర్‌కే చేరాలి. ఆ రెండు జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకుంది. 2022లో జీవో ఆంక్షలు సడలాయి. పిట్టలు ఇంజన్లకు ప్రమాదం కాబట్టి రన్‌వే దగ్గర తెరచిన నీళ్లుంటే విమానాలకు బెడద. ఊళ్లకు చెరువు లేకపోతే బోరు ఎండిపోతుంది. రెండు అవసరాలూ నిజమైనవే. కానీ ప్లాట్ల ధర పెరిగినప్పుడల్లా ఓడిపోయేది శిఖం భూమి, వాగు. నాకు ఎక్కువ బాధ కలిగించేది చెరువు పూడ్చడం కూడా కాదు, రెండు చెరువుల మధ్య కాలువను మాయం చేయడం. చెరువైతే మ్యాపులో కనిపిస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. కాలువ పోతే అడిగే దిక్కుండదు.

2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి, విమానాశ్రయానికి వెళ్లే జాతీయ రహదారి కోసుకుపోయింది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ఊళ్ల నుంచి వచ్చే వేలమంది నగరంలో తొలి అడుగు పెట్టేది అక్కడే; ఆ స్టేషన్ ఉన్న ఇమ్లీబన్ నది మధ్యలోని లంక. రాత్రిపూట ప్రయాణికులు నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. మర్నాడు కర్నూలు వైపు బస్సులను ఆరాంఘర్ నుంచి, వరంగల్ వైపు బస్సులను ఉప్పల్ నుంచి, విజయవాడ వైపు బస్సులను ఎల్బీ నగర్ నుంచి నడిపారు.