తురగబంధంలో అక్షర నియమం: రుద్రటుని శ్లోకం, గుర్రపు నడక

వ్యాససంగ్రహం:
చదరంగంలోని గుర్రం ప్రతి గడినీ ఒక్కసారి మాత్రమే తాకుతూ అన్ని గళ్లనూ చుట్టి రావడం ఒక ప్రాచీన సమస్య. 9వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు తన ‘కావ్యాలంకారం’లో ఈ సమస్యకు పరిష్కారాన్ని శ్లోకరూపంలో నిక్షిప్తం చేశాడు. ఆ శ్లోకాన్ని మామూలుగా చదివినా, గుర్రపు నడకలో చదివినా ఒకే పాఠం వస్తుంది. అది ఎలా సాధ్యమైందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చిత్రకవిత్వం, తురగబంధం, రుద్రటుడు, వేదాంత దేశికులు, చదరంగం, ఛందస్సు.

1. ఉపోద్ఘాతం

రుద్రటుని శతాబ్దిలోనే, అదే కాశ్మీరంలో, ఆనందవర్ధనుడు చిత్రాన్ని కావ్యంగా కాక కావ్యానికి అనుకరణగా పరిగణించాడు. తరువాత మమ్మటుడు దానికి కావ్యభేదాలలో చివరి స్థానమిచ్చాడు. రసదృష్టితో చూస్తే ఈ తీర్పును కాదనలేం. అయితే ఆ తీర్పు ప్రభావంతో బంధకవిత్వం వింతగా చూసి విడిచిపెట్టే బొమ్మగా మిగిలింది. దాని వెనుక ఉన్న ఆలోచనను పరిశీలించవలసిన అవసరం ఉంది.

చక్రబంధం, నాగబంధం వంటివాటిలో రేఖలు కలిసే చోట మాత్రమే ఒక అక్షరం రెండు పాదాలకు ఉమ్మడి అవుతుంది. తురగబంధంలో ఆ నిర్బంధం ప్రతి అక్షరానికీ ఉంటుంది.

2. గుర్రపు నడక

పాదానికి 8 చొప్పున నాలుగు పాదాలకు 32 అక్షరాలు. ఇది 64 గళ్ల చదరంగపు బల్లలో సరిగ్గా సగం. శ్లోకాన్ని నాలుగు వరుసలుగా రాసి, గుర్రం ఏ గడిని ఎన్నో అడుగులో తాకుతుందో అంకెలతో గుర్తిస్తే ఈ పట్టిక ఏర్పడుతుంది:

1 – 30 – 9 – 20 – 3 – 24 – 11 – 26
16 – 19 – 2 – 29 – 10 – 27 – 4 – 23
31 – 8 – 17 – 14 – 21 – 6 – 25 – 12
18 – 15 – 32 – 7 – 28 – 13 – 22 – 5

చివరి అడుగు నాలుగో వరుస మూడో గడిలో పడుతుంది. అక్కడి నుంచి మరొక ఎత్తుతో గుర్రం ఐదో వరుస మొదటి గడికి చేరగలదు. అందువల్ల ఇదే నడకను కింది సగంలోనూ కొనసాగిస్తే 64 గళ్లూ పూర్తవుతాయి. యూరప్‌లో ఆయిలర్ ఈ సమస్యను 1759లో గణితదృష్టితో పరిశీలించాడు. రుద్రటుని శ్లోకం అంతకు సుమారు తొమ్మిది శతాబ్దాల ముందుది.

3. నాలుగు అక్షరాలే ఎందుకు?

ఈ శ్లోకంలో కనిపించే అక్షరాలు సే, లే, నా, లీ అనే నాలుగే. వీటిలో ‘సే’ మొదటి స్థానంలోనూ, ‘లే’ 21వ స్థానంలోనూ ఒక్కొక్కసారి వస్తాయి. ‘నా’, ‘లీ’ 15 సార్ల చొప్పున వస్తాయి. పైపైన చూస్తే ఇది పదదారిద్ర్యంగా తోచవచ్చు. దీనికి కారణం పట్టికలో ఉంది.

గళ్లను వరుసగా 1 నుంచి 32 వరకు లెక్కిద్దాం. గుర్రం రెండో అడుగులో 11వ గడిలో ఉంటుంది. రెండు విధాలా ఒకే పాఠం రావాలంటే 2వ అక్షరం, 11వ అక్షరం ఒకటే కావాలి. 11వ అడుగు 7వ గడిలో పడుతుంది కనుక 7వ అక్షరమూ అదే కావాలి. ఇలా వెంబడిస్తే 2, 11, 7, 28, 29, 12, 24, 6, 22, 31, 17, 19, 10, 13, 30 అనే స్థానాలు వచ్చి, తిరిగి 2కు చేరతాం. ఇది 15 స్థానాల వలయం. 3తో మొదలుపెడితే 3, 5, 32, 27, 14, 20, 4, 15, 26, 8, 18, 25, 23, 16, 9 అనే మరో 15 స్థానాల వలయం ఏర్పడుతుంది. మిగిలినవి రెండే గళ్లు: మొదటిది, 21వది. గుర్రం 1వ అడుగులో 1వ గడిలోనూ, 21వ అడుగులో 21వ గడిలోనూ ఉంటుంది. కనుక ఆ రెండు చోట్లా కవికి స్వేచ్ఛ ఉంది.

అంటే ఈ నడకలో నాలుగుకు మించి భిన్నాక్షరాలకు తావే లేదు. రుద్రటుడు ఆ నాలుగింటినీ వాడుకున్నాడు. మొదటి వలయమంతా ‘నా’, రెండో వలయమంతా ‘లీ’. స్వేచ్ఛ ఉన్న రెండు గళ్లలో ‘సే’, ‘లే’. ఆయన దీనిని ఏ పద్ధతిలో సాధించినా, శ్లోకం ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది.

4. ఛందస్సు

సాధారణ శ్లోకంలో పాదంలోని 5వ అక్షరం లఘువు, 6వది గురువు కావాలి. మొదటి వలయంలో 6వ, 13వ స్థానాలు రెండూ ఉన్నాయి. 6వది మొదటి పాదంలో గురుస్థానం, 13వది రెండో పాదంలో లఘుస్థానం. ఒకే అక్షరం రెండింటికీ సరిపడటం కష్టం. రుద్రటుని అక్షరాలు నాలుగూ గురువులే. 8 గురువుల పాదం విద్యున్మాల లక్షణం. అన్నీ గురువులైనప్పుడు అక్షరాల వరుస మారినా గణభంగం కలగదు.

5. వేదాంత దేశికుల మార్గం

14వ శతాబ్దిలో వేదాంత దేశికులు ‘పాదుకాసహస్రం’ చిత్రపద్ధతిలో ఇదే నడకను గ్రహించారు. అయితే ఒక శ్లోకాన్ని గుర్రపు నడకలో చదివితే దాని తరువాతి శ్లోకం వచ్చేలా కూర్చారు. అదే పాఠం తిరిగి రానవసరం లేదు కనుక వలయ నిర్బంధం తొలగిపోయింది. అక్షరవైవిధ్యానికి దారి దొరికింది. దానికి బదులుగా రెండు శ్లోకాలూ ఛందస్సుతో, అర్థంతో నిలవాలన్న కొత్త భారం మీద పడింది. ఇక్కడ కూడా 1, 21 స్థానాల అక్షరాలు (స్థి, స) రెండు శ్లోకాలలోనూ మారలేదు. కవి మారినా, పద్ధతి మారినా ఆ రెండు గళ్లు కదలవు.

6. ముగింపు

రుద్రటుని శ్లోకంలోని అక్షరాల కొరత కవి అశక్తత కాదు, గుర్రపు నడక విధించిన నియమం. ఈ నియమం తెలిస్తే పాఠపరిష్కరణకూ మేలు కలుగుతుంది. ఏ ప్రతిలోనైనా 17వ స్థానంలో ‘నా’కు బదులు హ్రస్వం కనిపిస్తే, అది లేఖనదోషమని వలయమే చెబుతుంది. చిత్రకవిత్వం రసానికి దూరమైనదే కావచ్చు. కానీ మన పూర్వుల తర్కబుద్ధికి అది రాతపూర్వక సాక్ష్యం. తరగతిలో తురగబంధాన్ని బోధించేటప్పుడు చిత్రంతో పాటు ఈ పట్టికను కూడా విద్యార్థి చేతికిస్తే, ఆ సాక్ష్యాన్ని అతడే పరీక్షించుకోగలడు.