కృష్ణా జిల్లాలో స్త్రీ సంస్కరణోద్యమం

కృష్ణా జిల్లాలో స్త్రీల చదువు కోసం, బాల్య వివాహాలకూ వితంతువుల దుస్థితికీ కులభేదాలకూ వ్యతిరేకంగా, స్త్రీలే పూనుకుని నడిపిన కృషి ఈ వ్యాస విషయం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగింది. అంతకు ముందున్న పాత జిల్లానే ఇక్కడ కృష్ణా జిల్లా అంటున్నాం. పెనుగంచిప్రోలు, విజయవాడ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. బందరు, గుడివాడ, దివిసీమ, కృత్తివెన్ను మాత్రం కృష్ణాలోనే మిగిలాయి. ఈ ఉద్యమానికి తొలి కేంద్రం బందరు, అంటే మచిలీపట్నం. తొలి పెద్ద పేరు భండారు అచ్చమాంబ.

పూర్వరంగం

డచ్చివారు, ఇంగ్లీషువారు వ్యాపారానికి దిగిన 17వ శతాబ్దం మొదలు 19వ శతాబ్దం సగం దాకా ఈ సీమలో బాహాటంగా చదువూ సంగీతమూ నేర్చుకునే వీలు దాదాపుగా దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లకే ఉండేది. మొవ్వ క్షేత్రయ్య పదాలు తరాల పాటు వాళ్ల గొంతుల్లోనే నిలిచాయి.

బందరులో క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మగపిల్లల బడి తెరిచాడు. అదే తర్వాత నోబుల్ కళాశాల అయింది. ఆడపిల్లల చదువు భారాన్ని మిషనరీల భార్యలు తలకెత్తుకున్నారు. షార్కీ దొరసాని నడిపిన బాలికల వసతి పాఠశాల వాటిలో పేరున్నది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ పాఠశాల బాలికలు కూడా అందులో కొట్టుకుపోయారు.

1862లో బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు నోబుల్ కళాశాలలో అధ్యాపకుడిగా ఉంటూ సాంఘిక పరిశుద్ధోద్యమం నడిపారు. పెళ్లిళ్లలో, విందుల్లో భోగం మేళాలు వద్దని యువకుల చేత ప్రమాణాలు చేయించారు. తర్వాత కాకినాడ పి.ఆర్. కళాశాల ప్రిన్సిపాల్‌గా ఆడపిల్లలకు ఆ కళాశాల తలుపులు తెరిచారు. ఆయన చిత్తశుద్ధి నిస్సందేహమైనది. అయితే మేళాలు మానిపించిన ఉద్యమం, ఆ మేళాల మీద బతికే ఆడవాళ్లు రేపటి నుంచి ఎలా బతకాలన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాక కృష్ణా జిల్లాలోనూ సంస్కరణ పక్షం తలెత్తింది. అప్పటికింకా మాట్లాడేవారూ రాసేవారూ అంతా మగవారే.

భండారు అచ్చమాంబ

అచ్చమాంబ 1874లో నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో పుట్టింది. తల్లి గంగమాంబ, తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య. ఆమె చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్లకే మేనమామ భండారు మాధవరావుతో పెళ్లయింది. ఆయన మధ్యపరగణాల్లో ఇంజనీరు. పెళ్లినాటికి ఆమెకు చదువు రాదు. తల్లీ, తనకంటే మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు లక్ష్మణరావూ ఆమె దగ్గరికే వచ్చి ఉన్నారు. తమ్ముడు బడి చదువు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్క తెలుగు, హిందీ పట్టుకుంది. మరాఠీ, గుజరాతీ, బెంగాలీ తర్వాత నేర్చుకుంది, సంస్కృతంలో ప్రవేశం సంపాదించింది. గురువులూ బడులూ లేని ఆ చదువు తెలుగు సాహిత్య చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం. ఆ తమ్ముడే తర్వాతి కాలంలో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. సాధారణంగా ఆమెను లక్ష్మణరావు అక్కగా పరిచయం చేస్తారు. వరస తిప్పి చెప్పినా తప్పు లేదు.

ఆమెకు పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. ఆ తర్వాత అనాథ పిల్లలను ఇంట పెట్టుకుని చదివించింది.

1901లో ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వెలువడింది. వీరేశలింగం దానికి అండగా నిలిచారు. మూడు భాగాలుగా రాయాలని ఆమె తలపెట్టింది: చారిత్రక కాలపు భారత స్త్రీలు ఒక భాగం, వేద పురాణ కాలపు స్త్రీలు ఒక భాగం, విదేశీ స్త్రీలు ఒక భాగం. రాణులు, కవయిత్రులు, పండితురాళ్లు అందులో వరసగా కనిపిస్తారు. ఆమె నేర్చిన భాషలన్నీ ఇక్కడ అక్కరకొచ్చాయి. తెలుగు పాఠకులు అప్పటికి వినని స్త్రీల కథలను మరాఠీ నుంచి, హిందీ నుంచి, బెంగాలీ నుంచి ఏరి తెచ్చింది.

ఆ పుస్తకంలోని పేర్ల కంటే దాని వెనక ఉన్న వాదం ముఖ్యమైనది. ఆడదానికి బుద్ధి తక్కువ, చదువు చెబితే చెడిపోతుంది, స్వేచ్ఛ ఇస్తే కాపురం నిలవదు. ఆ రోజుల్లో పెద్దల నోట మాటిమాటికీ వినబడిన మాటలివి. అచ్చమాంబ వీటికి తర్కంతో కాక చరిత్రతో జవాబు చెప్పింది. చదువుకున్నవాళ్లు, రాజ్యమేలినవాళ్లు, యుద్ధం చేసినవాళ్లు వీళ్లుగో, వీళ్ల వల్ల ఏం చెడిందో చూపించండి అన్నది ఆ పుస్తకం మొత్తం సారాంశం. పేరులో 'అబల' అన్న మాట పెట్టి, లోపల ఆ మాట చెల్లదని రుజువు చేసింది. తెలుగులో ఒక స్త్రీ పూనుకుని రాసిన స్త్రీల చరిత్ర అంతకు ముందు లేదు. సంస్కరణంటే సభలు, ఉపన్యాసాలే అనుకునే రోజుల్లో చరిత్ర రచనను సంస్కరణకు పనిముట్టు చేసుకోవడం ఆమె ప్రత్యేకత.

ఆమె కథలూ రాసింది. 'తెలుగు జనానా', 'హిందూసుందరి' పత్రికల్లో అవి వచ్చాయి. 1902 నవంబరు 'హిందూసుందరి'లో అచ్చయిన 'ధనత్రయోదశి'లో, పేదరికంలో ఉండి కూడా భర్త తప్పుదారిన తెచ్చిన డబ్బును ముట్టనని భార్య నిలబడుతుంది. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' వచ్చింది 1910లో. అదీ బందరు నుంచి వెలువడిన 'ఆంధ్రభారతి' పత్రికలోనే. తొలి తెలుగు కథ ఏదన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. కాలక్రమం మాత్రం అచ్చమాంబ వైపే ఉంది.

బృందావన స్త్రీ సమాజం

1902లో అచ్చమాంబ, ఓరుగంటి సుందరీరత్నమాంబ కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ఆంధ్రదేశంలో స్త్రీలే పెట్టుకుని స్త్రీలే నడుపుకున్న తొలి సంఘంగా దీనికి పేరుంది. అదే ఏడు బందరులో కృష్ణాపత్రిక పుట్టింది, ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య 'హిందూసుందరి' మొదలుపెట్టారు. ఆ పత్రిక సంపాదకత్వం తర్వాత మొసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మల చేతికొచ్చింది. పత్రిక, పుస్తకం, సమాజం మూడూ ఒకే కాలంలో అమరడంతో ఒక ఊళ్లో రాసిన వ్యాసం మరో ఊరి సమాజంలో చదివి వినిపించే వీలు కలిగింది.

ఈనాటి పాఠకులకు స్త్రీ సమాజం అంటే మామూలు మాట. 1902లో ఘోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు పేరంటానికో గుడికో తప్ప గడప దాటితే మాట పడవలసి వచ్చేది. పది మంది ఒకచోట చేరి, ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు విని, తమ మాట తాము చెప్పడమే పెద్ద అడుగు. 1903లో అచ్చమాంబ కోస్తా ఊళ్లు తిరుగుతూ సమాజాలు పెట్టుకోమని స్త్రీలను ప్రోత్సహించింది. పదేళ్లు తిరక్కుండానే కాకినాడ, రాజమహేంద్రవరం తదితర పట్టణాల్లో స్త్రీ సమాజాలు ఊపందుకున్నాయి. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభతో పాటు మహిళల సభ కూడా జరిగింది.

ఆ సభను అచ్చమాంబ చూడలేదు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బే అంటుకుని 1905 జనవరి 18న కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 30 ఏళ్లు. తలపెట్టిన చరిత్ర అసంపూర్తిగా మిగిలిపోయింది.

ఒక లోటు చెప్పక తప్పదు. ఈ తొలి తరం పట్టించుకున్నవి ఎక్కువగా అగ్రవర్ణ గృహాల కష్టాలు: పసితనంలో పెళ్లి, వైధవ్యం, ఘోషా, నిరక్షరాస్యత. బందరుకు ఈశాన్యాన తీరప్రాంతంలో ఉన్న కృత్తివెన్నులో చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఆడవాళ్లకూ, దివిసీమ పొలాల్లో నాట్లు వేసే కూలీలకూ ఘోషా ఎప్పుడూ లేదు. వాళ్ల కూలి, వాళ్ల కులం, వాళ్ల అప్పు ఆనాటి పత్రికల్లో అరుదుగా కనిపిస్తాయి.

1905 తర్వాత

తర్వాతి పాతికేళ్లలో జాతీయోద్యమం స్త్రీలను వీధుల్లోకి తెచ్చింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లల పెళ్లి వయసు 14 ఏళ్లని నిర్ణయించింది.

అచ్చమాంబ పేరు ఇంట్లో నిలిచింది. లక్ష్మణరావు 1906లో పుట్టిన తన కూతురికి అక్క పేరే పెట్టారు. ఆ కొమర్రాజు అచ్చమాంబ వైద్యం చదివి విజయవాడలో స్త్రీల వైద్యురాలిగా స్థిరపడింది. కాన్పుల గురించి, శిశుపోషణ గురించి తెలుగులో పుస్తకం రాసింది. 1940లలో కమ్యూనిస్టు పార్టీ స్త్రీలకు నడిపిన శిక్షణ తరగతుల్లో ఆరోగ్య పాఠాలు చెప్పింది. జిల్లా మహిళా సంఘాలకు కూలి ఇళ్ల ఆడవాళ్లు వచ్చింది ఆ కాలంలోనే. మోటూరు ఉదయం స్త్రీలతో బుర్రకథ దళం కట్టి ఊరూరా ప్రదర్శనలిచ్చింది. డాక్టర్ అచ్చమాంబ 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. మేనత్త పుస్తకంతో చేసిన పనిని ఈమె మందుల సంచితో కొనసాగించింది. ఇద్దరి పేర్లూ ఒకటే కావడంతో తర్వాతి రచనల్లో వివరాలు కలగలిసిపోవడం కద్దు.

సరస్వతీ గోరా, ముదునూరు

జిల్లా సంస్కరణ చరిత్రలో రెండో పెద్ద ఘట్టం ముదునూరు. సరస్వతి 1912లో విజయనగరంలో పుట్టింది. పదేళ్లకే గోపరాజు రామచంద్రరావుతో (గోరా) పెళ్లయింది. గోరా జంధ్యం తీసేసి ఇంటివారికి దూరమైనప్పుడు ఆమె కూడా వెంట నడిచింది. గోరా బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తూ, నాస్తిక భావాల వల్ల ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. 1940లో ఉయ్యూరు దగ్గరి ముదునూరులో దంపతులు నాస్తిక కేంద్రం ప్రారంభించారు.

నాస్తికత్వం అనగానే వాదోపవాదాలు గుర్తొస్తాయి. సరస్వతి నాస్తికత్వం వంటింట్లో, పురిటింట్లో నడిచింది. గర్భవతి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని భయపెడితే, గర్భంతో ఉండగానే ఆరుబయటికి వచ్చి నిలబడింది. దళితులతో సహపంక్తి భోజనాలు అంటే వండేదీ వడ్డించేదీ ఎవరో తెలిసిందే. ఆ పని ఎన్నడూ ఆపలేదు. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆమెను జైల్లో పెట్టినప్పుడు రెండున్నరేళ్ల కొడుకు కూడా చంకలో ఉన్నాడు.

1947లో కేంద్రం విజయవాడకు మారింది. పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చెయ్యాలని నిశ్చయించారు. సేవాగ్రాంలో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య జరిగిన ఆరు వారాలకు, 1948 మార్చి 13న, అక్కడే ఆ పెళ్లి జరిగింది. కులం పోవాలని మాటల్లో చెప్పినవారు ఎందరో ఉన్నారు. ఇంటి పిల్ల పెళ్లితో చెప్పినవారు కొద్దిమందే. కొడుకు లవణం గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడాడు. హేమలతా లవణం స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడిన కుటుంబాల మధ్య, నిజామాబాదు ప్రాంతంలో జోగినుల మధ్య పనిచేసింది. 1988లో దేవదాసీ, జోగిని ఆచారాలను నిషేధిస్తూ చట్టం రావడం వెనక ఆ కృషి ఉంది. మేళాలు మానిపించినప్పుడు బందరులో అడగకుండా వదిలేసిన బతుకుతెరువు ప్రశ్నను హేమలత జోగినుల పునరావాసంతో అందుకుంది.

1969లో వాసవ్య మహిళా మండలి ఏర్పడింది. దాన్ని నడిపిన చెన్నుపాటి విద్య సరస్వతి కుమార్తె. ఆమె 1980లోనూ 1989లోనూ విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు నాస్తిక కేంద్రం కార్యకర్తలు అక్కడి పల్లెల్లో సహాయ పనులు చేశారు. సరస్వతీ గోరాకు 1999లో జమ్నాలాల్ బజాజ్ పురస్కారం లభించింది. 2006 ఆగస్టులో ఆమె మరణించింది.

అచ్చమాంబ రచనల పునఃపరిశీలన

చాలాకాలం అచ్చమాంబ రచనలు పాత పత్రికల కట్టల్లో ఉండిపోయాయి. 1980ల నుంచి స్త్రీవాద పరిశోధకులు వాటిని తిరిగి వెలికితీశారు. హైదరాబాదుకు చెందిన సూసీ తారు, కె. లలిత భారతీయ స్త్రీల రచనలను ఇంగ్లీషులో సంకలనం చేసి 1991లో మొదటి సంపుటం తెచ్చినప్పుడు, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' నుంచి ఖనా చరిత్రను ఎంచుకున్నారు. ఖనా బెంగాలీ జనశ్రుతిలోని జ్యోతిష పండితురాలు. మామగారిని మించిన విద్య చూపినందుకు ఆమె నాలుక కోసేశారని ఆ కథ.