కారు కింద ఎర్రటి మరక కనిపిస్తోందా? గేర్‌బాక్స్ ఆయిల్ లీక్‌ను ఇంట్లోనే ఎంతవరకు సరిచేసుకోవచ్చంటే..

పార్కింగ్‌లో కారు తీయగానే నేల మీద ఓ మరక కనిపిస్తుంది. చాలామంది 'ఏసీ నీళ్లేలే' అనుకుని వెళ్లిపోతారు. కానీ ఆ మరక ఎర్రగానో, జిడ్డుగానో ఉంటే మాత్రం లైట్ తీసుకోవద్దు. అది గేర్‌బాక్స్ నుంచి కారుతున్న ఆయిల్ కావొచ్చు. గేర్‌బాక్స్‌లో ఆయిల్ మట్టం తగ్గిందని చెప్పే లైటు చాలా కార్ల డ్యాష్‌బోర్డులో ఉండదు. అంటే నేల మీద మరకే మీకు దొరికే మొదటి హెచ్చరిక. దాన్ని వదిలేస్తే చిన్న వాషర్‌తో పోయే పని గేర్‌బాక్స్ విప్పేదాకా వెళ్తుంది.

మరి ఈ లీక్‌ను ఇంట్లోనే సరిచేయొచ్చా? కొన్నింటిని చేయొచ్చు, కొన్నింటిని అస్సలు ముట్టుకోకూడదు. ఏది ఏ రకమో తేల్చేది ఒక్కటే.. ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందన్నది. ఆ వివరాలేంటో చూద్దాం.

ముందు అది ఏ ఆయిలో తేల్చుకోండి

రాత్రి కారు ఆపాక ఇంజిన్ కింద తెల్లటి అట్టముక్క పరవండి. తెల్లారేసరికి చుక్కలు ఎక్కడ పడ్డాయో, ఏ రంగులో ఉన్నాయో క్లియర్‌గా తెలిసిపోతుంది.

* ఎరుపు లేదా గులాబీ రంగు, జిడ్డు: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. పాతబడితే గోధుమ రంగులోకి మారుతుంది. కొన్ని కార్ల పవర్ స్టీరింగ్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఆ డబ్బా మట్టం కూడా చూసుకోండి.
* తేనె రంగు, చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన: మాన్యువల్ గేర్ ఆయిల్.
* ముదురు గోధుమ లేదా నలుపు: ఎక్కువగా ఇంజిన్ ఆయిల్.
* ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగుల్లో నీళ్లలా పల్చగా ఉంటే: కూలెంట్.
* లేత పసుపు, పల్చగా, జారుడుగా ఉంటే: బ్రేక్ లేదా క్లచ్ ఫ్లూయిడ్. ఇదైతే కారు కదపొద్దు, నేరుగా మెకానిక్‌ను పిలవండి.
* రంగు, వాసన ఏమీ లేకపోతే: ఏసీ నీళ్లు. కంగారు అక్కర్లేదు.

మీ కారులో ఉన్న గేర్‌బాక్స్ ఏది?

'ఆటోమేటిక్' అని ఒకే పేరుతో పిలుస్తాం కానీ లోపల నాలుగు రకాలున్నాయి. మన దేశంలో 2014లో మారుతీ సెలెరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం యంత్రం చేస్తుంది. అందుకే అందులో మాన్యువల్ తరహా గేర్ ఆయిల్ ఉంటుంది. హైడ్రాలిక్‌తో పనిచేసే ఏఎంటీల్లో యాక్చువేటర్‌కు వేరే ఆయిల్, వేరే చిన్న డబ్బా ఉంటాయి.

టార్క్ కన్వర్టర్ రకానికి ఏటీఎఫ్ పోయాలి. సీవీటీకి సీవీటీ ఫ్లూయిడే పోయాలి. డీసీటీకి దాని సొంత ఆయిల్ ఉంటుంది. ఒకదానిలో ఇంకోటి పోస్తే లీక్ కంటే పెద్ద నష్టం జరుగుతుంది. ఏ గ్రేడ్ వాడాలో కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌కు జీఎల్-4 అని రాసి ఉంటే జీఎల్-5 పోయొద్దు. అందులోని కొన్ని రసాయనాలు గేరు మార్చేటప్పుడు పనిచేసే ఇత్తడి రింగులను దెబ్బతీయొచ్చు.

లీక్ ఎక్కడుందో ఇలా పట్టుకోండి

చుక్క పడిన చోటే లీక్ ఉందనుకోవద్దు. ఆయిల్ కిందికి జారుతుంది, కారు నడిచేటప్పుడు గాలికి వెనక్కి కూడా పాకుతుంది. కాబట్టి గేర్‌బాక్స్ బయటి భాగాన్ని డీగ్రీజర్, గుడ్డతో శుభ్రంగా తుడవండి. తర్వాత కాసేపు కారు నడిపి, చల్లారాక టార్చ్ వేసి చూడండి. తడిగా ఉన్న చోట్లలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందు వైపు ఉన్నదే అసలు లీక్.

సాధారణంగా కారే చోట్లు ఇవే:

* డ్రెయిన్ ప్లగ్: ఆయిల్ దింపడానికి అడుగున ఉండే బోల్టు. పాత వాషర్‌నే మళ్లీ వాడితే ఇక్కడ చెమ్మ చేరుతుంది. ఇంట్లో చేసుకోగలిగిన పని.
* ఆయిల్ పాన్ గాస్కెట్: చాలా టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సుల అడుగున రేకు తట్టలాంటిది ఉంటుంది. దాని అంచు చుట్టూ తడి కనిపిస్తుంది. ఓపిక, సరైన సామాను ఉంటే చేసుకోవచ్చు.
* కూలర్ పైపులు: గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్ వైపు వెళ్లే గొట్టాలు. క్లిప్పు వదులైతే మార్చుకోవచ్చు. పైపు పగిలితే కొత్తది వేయాలి.
* రివర్స్ లైట్ స్విచ్: మాన్యువల్ గేర్‌బాక్స్‌కు బిగించి ఉంటుంది. వాషర్ మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.
* యాక్సిల్ సీల్: చక్రానికి వెళ్లే షాఫ్టు గేర్‌బాక్స్‌లోకి దూరే చోటు. చక్రం లోపలి వైపు ఆయిల్ చిమ్మినట్టు ఉంటుంది. షాఫ్టు బయటికి లాగాలి కాబట్టి అనుభవం లేనివాళ్లు మెకానిక్‌కే వదిలేయాలి.
* ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటు: ఇక్కడి నుంచి కారితే లోపలి సీల్ పోయినట్టే. గేర్‌బాక్స్ మొత్తం దించాలి. ఇంట్లో అయ్యే పని కాదు.

కారు కిందికి వెళ్లే ముందు..

అసలు ప్రమాదం ఆయిల్‌తో కాదు, కారు బరువుతో. స్టెప్నీ మార్చుకోవడానికి కారుతో ఇచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే. కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. ఇటుకలు, సిమెంట్ దిమ్మెలు ఆసరా పెట్టొద్దు. అవి బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి.

గట్టి, చదునైన నేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. నేల మీదే ఉన్న చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. మాన్యువల్‌లో చూపిన పాయింట్ల దగ్గరే జాక్ స్టాండ్లు పెట్టండి. కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్లండి. ఇంట్లో మరో మనిషి ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. సైలెన్సర్ పైపు వేడిగా ఉండగా మొదలుపెట్టొద్దు. జాక్ స్టాండ్లు లేకపోతే ఈ పని ఇంట్లో వద్దు, అంతే.

వారంటీ ఉన్న కారైతే పానా పట్టుకునే ముందే సర్వీస్ సెంటర్‌కు చూపించండి. ఫ్రీగా అయ్యే పనికి మీరు చేతులు మసి చేసుకోవడం ఎందుకు?

డ్రెయిన్ ప్లగ్ వాషర్ ఇలా మార్చాలి (మాన్యువల్ గేర్‌బాక్స్)

1. ముందుగా ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ విప్పండి. ఈ స్టెప్ మర్చిపోవద్దు. ఆయిల్ మొత్తం దింపేశాక ఫిల్లర్ ప్లగ్ రాకపోతే కారు అక్కడే నిలిచిపోతుంది.
2. కింద ట్రే పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పండి. సరిగ్గా సరిపోయే పానానే వాడండి. వదులు పానా పెడితే బోల్టు మూలలు అరిగిపోతాయి.
3. ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టులాంటిది మామూలే. లోహపు ముక్కలు కనిపిస్తే లోపల ఏదో అరుగుతున్నట్టు. అక్కడితో ఆపి మెకానిక్‌కు చూపించండి.
4. పాత వాషర్ తీసేసి అదే సైజు కొత్తది వేయండి. ప్లగ్ మరలు శుభ్రంగా తుడవండి.
5. మొదట చేత్తోనే తిప్పండి. అడ్డంగా ఎక్కితే గేర్‌బాక్స్ అల్యూమినియం మరలు పాడవుతాయి. చివరగా మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించండి. 'ఇంకొంచెం గట్టిగా' అని బలం చూపించడం వల్లే చాలా మరలు పోతుంటాయి.
6. గరాటుకు పైపు తగిలించి ఫిల్లర్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోయండి. రంధ్రం కింది అంచు వరకు వచ్చి బయటికి జారడం మొదలైతే చాలా కార్లలో మట్టం సరిపోయినట్టే. ఆ టైమ్‌లో కారు సమానంగా ఉండాలి. ముందు పక్క మాత్రమే లేపి ఉంటే లెక్క తప్పుతుంది.

పాన్ గాస్కెట్ అయితే..

ముందు బోల్టులు వదులయ్యాయేమో టార్క్ రెంచ్‌తో చూడండి. ఒక్కోసారి అంతటితోనే లీక్ ఆగిపోతుంది. గాస్కెట్ మార్చాల్సి వస్తే ఆయిల్ దింపి, పాన్‌ను ఒక మూల నుంచి మెల్లగా వదులు చేయండి. రెండు వైపులా అంటుకున్న పాత గాస్కెట్‌ను ప్లాస్టిక్ గీకుడు ముక్కతో తీయండి. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే గీతలు పడి, మళ్లీ అక్కడి నుంచే కారుతుంది. కొన్ని కార్లలో గాస్కెట్ ఉండదు, లిక్విడ్ సీలెంట్ పూస్తారు. మీ మోడల్‌కు ఏది వాడతారో చూసి అదే వాడండి.

బోల్టులను ఒక వైపు నుంచి వరసగా కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. ఎక్కువ బిగిస్తే పాన్ రేకు వంగిపోతుంది. ఇక ఆటోమేటిక్‌లో ఆయిల్ మొత్తం దిగదు. కొంత టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే డబ్బా మీదున్న లీటర్ల లెక్కన పోసేయకుండా కొలిచి చూసుకోవాలి.

డిప్‌స్టిక్ ఉన్న చాలా ఆటోమేటిక్ కార్లలో ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లో ఉండగా, బ్రేక్ తొక్కి గేర్లన్నీ ఒకసారి తిప్పి, పార్క్‌లో పెట్టి మట్టం చూస్తారు. కొన్ని హోండా మోడళ్లలో మాత్రం ఇంజిన్ ఆపిన తర్వాతే చూడాలి. డిప్‌స్టిక్ లేని కార్లలో ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు వచ్చాక చెక్ ప్లగ్ ద్వారా చూస్తారు. దానికి స్కానర్ కావాలి. అలాంటి కారైతే ఈ పని షెడ్డులోనే చేయించడం బెటర్. మట్టం తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే.

ఎంసీల్ పూస్తే ఆగదా?

జిడ్డు ఉన్న చోట పుట్టీ సరిగా పట్టదు. పైగా కారేది రబ్బరు సీల్ నుంచి అయితే బయట ఎంత పూసినా పని కాదు. లీక్ ఆపుతుందని చెప్పే స్టాప్ లీక్ ద్రావణాలు రబ్బరును కాస్త ఉబ్బిస్తాయి. ఎండిన సీల్ నుంచి వచ్చే చెమ్మ కొన్నాళ్లు తగ్గొచ్చు. చిరిగిన గాస్కెట్‌కు, పగిలిన పైపుకు మాత్రం అవి మందు కాదు. ఆయిల్ పోస్తూ నడిపేయడం కూడా రిపేర్ కిందికి రాదు.

ఇలా ఉంటే కారు నడపొద్దు

గేరు వేశాక కారు ఆలస్యంగా కదలడం, ఇంజిన్ రయ్యిమంటున్నా స్పీడ్ రాకపోవడం, మాడు వాసన, గేర్‌బాక్స్ నుంచి రొద.. ఇవన్నీ ఆయిల్ బాగా తగ్గిందనడానికి గుర్తులు కావొచ్చు. చుక్కలు కాకుండా ధారగా కారుతున్నా అంతే. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడితే మంటలు రేగే ముప్పు ఉంది. ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాగొద్దు, ఫ్లాట్‌బెడ్ మీదే తరలించండి.

ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులోకి మారితే లోపలికి నీళ్లో, కూలెంటో చేరినట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో జరిగినట్టు కార్లు మునిగినప్పుడు, గేర్‌బాక్స్ గాలి రంధ్రం నుంచి కూడా నీళ్లు వెళ్లొచ్చు. అలాంటి కారును స్టార్ట్ చేయకుండానే మెకానిక్‌కు చూపించాలి.

పాత ఆయిల్ ఎక్కడ పారేయాలి?

మురుగు కాలువలో, మట్టిలో పోయొద్దు. వాడేసిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. మూత ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

పని అయ్యాక మళ్లీ అదే అట్టముక్క పరవండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి చూడండి. అట్ట పొడిగా ఉంటే లీక్ ఆగినట్టే. మళ్లీ చుక్క పడితే మాత్రం ఇంకోసారి బిగించే ప్రయత్నం వద్దు. ఆ అట్టముక్కతో సహా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. లీక్ ఎక్కడో వెతికే పని ఆయనకు సగం తగ్గుతుంది.