శేషంగా మిగిలిన పిండిపదార్థం

మల్లాపూర్ నుంచి నాచారం మీదుగా తార్నాకకు వెళ్ళేవారికి జాతీయ పోషకాహార సంస్థ పరిచితమే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఏర్పడిన చిన్న విభాగం 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందింది. మీ ఆహార పట్టికలో కనిపించే ‘పిండిపదార్థాలు’ అనే అంకెకు, ఈ సంస్థకు దగ్గరి సంబంధం ఉన్నది.

1827లో విలియం ప్రౌట్ అనే ఆంగ్ల వైద్యుడు ఆహారాన్ని చక్కెర వంటివి, నూనె వంటివి, గుడ్డు తెల్లసొన వంటివి అని మూడు వర్గాలుగా విభజించాడు. అవే నేటి పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు. వీటిలో మాంసకృత్తులను నత్రజనిని బట్టి లెక్కించవచ్చు. కొవ్వు ఈథరులో కరుగుతుంది. ఆరబెడితే తేమ, కాల్చితే ఖనిజాలు తేలుతాయి. పిండిపదార్థాలన్నిటినీ పట్టి ఇచ్చే అటువంటి సులువైన గుర్తు ఏదీ లేదు. అందువలన నూరు గ్రాముల నుంచి తక్కినవన్నీ తీసివేయగా మిగిలిన శేషాన్నే పిండిపదార్థంగా లెక్కగట్టేవారు.

చిక్కంతా ఆ శేషంలోనే ఉన్నది. అన్నంలోని స్టార్చి, ఆకుకూర ఈనెలలోని సెల్యులోజు రెండూ గ్లూకోజు గొలుసులే. వాటిని కలిపే బంధం మాత్రం వేరు. మన ఎంజైములు మొదటిదానిని తెంచగలవు, రెండవదానిని తెంచలేవు. 1929లో లండనులో మెకాన్స్, స్వయంగా మధుమేహి అయిన డాక్టర్ లారెన్స్ కలిసి, శరీరానికి అందే పిండిపదార్థాలను అందనివాటి నుంచి విడదీసి చూపారు.

మన దేశంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం సంకలనం చేసిన పాత పట్టికలో నూరు గ్రాముల రాగులకు పిండిపదార్థం 72 గ్రాములు, పీచు 3.6 గ్రాములు. అప్పటి పద్ధతిలో ఆమ్లంలో, క్షారంలో ఉడికించగా మిగిలినదే పీచు. చాలా భాగం ఆ ఉడుకులోనే కరిగిపోయేది. తార్నాక సంస్థ 2017లో వెలువరించిన పట్టికలో పీచు 11.18 గ్రాములకు పెరిగి, పిండిపదార్థం 66.82కు తగ్గింది. ప్రధానంగా మారినది కొలిచే విధానమే.

అయితే రాగి సంకటి ఎంత తిన్నా చక్కెర పెరగదని భావించకండి. పాలిషు బియ్యంలో పీచు 2.81 గ్రాములే కనుక రాగి మేలైనదే. కానీ దానిలోనూ మూడింట రెండు వంతులు శరీరానికి అందే పిండిపదార్థమే. కాబట్టి ముద్ద పరిమాణం చూసుకోండి. ప్యాకెట్టుపై పిండిపదార్థం అంకె వద్దనే ఆగక, చక్కెర ఎంతో, పీచు ఎంతో విడివిడిగా చదవండి.