స్వరలిపి ముద్రణ (తెలుగు)

రాగతాళాలను, గమకాలను అచ్చు కాగితం మీదికి ఎక్కించే పని స్వరలిపి ముద్రణ. యూరప్‌లో దీన్ని మెత్తని లోహపు పలక మీద ఉక్కు ముద్రలు కొట్టి, అంతా కుడి ఎడమలు తిప్పి చెక్కేవారు. కర్ణాటక సంగీతానికి మాత్రం అక్షరాలే ఆధారం.

తెలుగులో ఈ కళకు శిఖరం సుబ్బరామ దీక్షితులు (1839–1906) రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో తమిళ దేశంలోని ఎట్టయాపురంలో, సంస్థానాధీశుల అండతో, విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో తెలుగు లిపిలోనే అచ్చయింది. పాశ్చాత్య స్వరలిపిలో మన కీర్తనలను ప్రచురించిన చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలం దీని వెనుక ఉంది. కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు. గురువు గొంతులోంచి మాత్రమే అందే కదలికను అచ్చులో పట్టాలన్న ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

తెలుగు లిపితో చిక్కు వేరే ఉంది. తారస్థాయికి స్వరం పైన చుక్క పెట్టాలి. కానీ ‘రి’, ‘ని’ల మీద గుడి ముందే కూర్చుని ఉంటుంది. చుక్కను ఇంకా పైకి జరిపితే పై వరుస సాహిత్యానికి తగులుతుంది. అందుకే వరుసల మధ్య ఖాళీ పెంచక తప్పదు.

కంప్యూటర్ వచ్చాకా ఈ చిక్కు తీరలేదు. యూనికోడ్‌లో అక్షరం పైన చేరే చుక్క ఉన్నా, చాలా తెలుగు ఫాంట్లలో అది పక్కకు జారిపోతుంది. అందువల్ల డీటీపీ చేసేవాళ్లు చుక్కలు, గీతలు విడిగా తెచ్చి ఒక్కొక్కటీ చేత్తోనే సర్దుతారు. ఒక్క చుక్క తప్పినా తారస్థాయి షడ్జం మధ్యస్థాయికి దిగిపోతుంది కాబట్టి, ప్రూఫు దిద్దేవారికి పాడటం వచ్చి ఉండాలి.